నీటి ఒడ్డు వరకే

పదవ తరగతి ముగించి బాసర ట్రిపుల్ ఐటీలో చేరే పిల్లలు ఆరేళ్లు వసతిగృహంలోనే ఉండి చదువుకుంటారు. వారిని దిగబెట్టవచ్చిన తల్లిదండ్రులు ఎక్కడ బస చేయాలి? కొందరు ప్రాంగణ ద్వారం చెంతనే రోజుల తరబడి నిరీక్షిస్తారు. సాయంత్రానికి నాన్న వస్తాడని తెలిసిన బాలుడు పక్క మంచం మీది వాని పేరైనా అడగడు. జ్ఞానసరస్వతీ దేవస్థానం వారి వసతిగది చాలును, అదీ ఒక్క రాత్రికే. మరచిన దుప్పటి ఏదైనా ఉంటే మరునాడు అందించి రైలెక్కవచ్చు.

కాళిదాసు శాకుంతలంలో కణ్వమహర్షి గద్గదకంఠుడై కూతురిని సాగనంపుతూ, ఆప్తులను నీటి ఒడ్డు వరకే అనుసరించాలని శిష్యుడు గుర్తు చేయగా ఆగిపోయాడు. బాసరలో గోదావరి ఉండనే ఉన్నది! నాకు మాత్రం ఆ నిగ్రహం లేకపోయింది. మా అమ్మాయిని మరొక ఊరి కళాశాలలో చేర్చి మూడు దినాలు అక్కడే ఉన్నాను. నాలుగవనాడు ఆమెయే, "నాన్నగారూ, మీరున్నంత వరకు నాకిక్కడ ఎవరూ స్నేహితులు కారు" అన్నది.