పెనెలోపి అధికారం యేపాటిది?

హోమర్ కావ్యాలలో స్త్రీకి గొప్ప అధికారం వుందని చెప్పే విమర్శకులతో నాకు పేచీ వుంది. వారు చూపే సాక్ష్యాలు కొట్టివేయదగినవి కావు. ఫియేషియన్ల రాణి అరీటీ మగవాళ్ల తగవులు గూడా తీరుస్తుంది. తనను పెళ్లాడవచ్చి ఇంట తిష్ఠవేసిన ప్రభువులను పెనెలోపి, పగలు నేసిన బట్టను రాత్రి విప్పుతూ, మూడేళ్లు మోసం చేస్తుంది. ఆమెకు తెలివీ ధైర్యమూ వున్నాయి, ఒప్పుకుంటాను. కాని అధికారం వేరు. అది వుందో లేదో తేలేది మగవాడు కాదన్న రోజున.

ఒడిస్సీ మొదటి సర్గలో ఆమె గాయకుణ్ణి ఆ పాట ఆపమంటుంది. కొడుకు టెలిమాకస్ నలుగురిలో తల్లి నోరు మూయిస్తాడు. మగ్గం దగ్గరికి పొమ్మంటాడు. ఇంట అధికారం తనదంటాడు. ఆమె మారుపలకక మేడ యెక్కుతుంది. పోనీ, దాసీలమీదనైనా ఆమె మాట చెల్లిందా? ఆ ఇంట దాసీలు 50 మంది. వాళ్లమీద పెత్తనం చేయడానికి టెలిమాకస్‌ను తల్లి ఒప్పుకోలేదని ముసలిదాది యూరిక్లియాయే చెపుతుంది. పెనెలోపికి మిగిలిన రాజ్యం అదొక్కటే.

ఇరవై రెండవ సర్గలో ఆ రాజ్యం గూడా పోయింది. ప్రభువులను చంపిన ఒడిస్యూస్, ద్రోహం చేసిన దాసీలెవరని దాదిని అడుగుతాడు. 12 మంది అంటుంది. రాణిని లేపనా అంటే, ఇప్పుడే వద్దంటాడు. ఆ దాసీలచేతనే శవాలు మోయించారు, నెత్తురు కడిగించారు. కత్తితో చంపమని తండ్రి చెపితే, అంత మర్యాదయిన చావు వాళ్లకెందుకని కొడుకు ఉరివేశాడు. యే కొడుకును తల్లి దాసీల జోలికి రానివ్వలేదో ఆ కొడుకే! తల్లి మేడమీద నిద్రపోతున్నది.

ఆనాటి నీతి వేరు, నేటి కొలతతో కొలవరాదని నాకు జవాబు చెపుతారు. నేను నేటి కొలత తేలేదు. ఆ ప్రభువులమీద ఒడిస్యూస్ మోపిన నేరాలలో తన దాసీలను బలాత్కరించారన్నది ఒకటి. బలాత్కారమని తన నోటితో అన్నవాడు, యెవరు బలానికి లొంగారో, యెవరు ఇష్టపడి పోయారో ఆ 12 మందిని ఒక్క మాట అడగలేదు. అసలు కొన్న మనిషికి ఇష్టమెక్కడిది? యూరిక్లియాను కొన్న ధర 20 యెడ్లు. ఇలియడ్ క్రీడల్లో బహుమతిగా పెట్టిన ముక్కాలి కొప్పెర విలువ 12 యెడ్లు. పనితనం తెలిసిన స్త్రీ విలువ 4 యెడ్లు.

కవి మాత్రం కళ్లు మూసుకోలేదు. ఉచ్చులో పడ్డ పిట్టలతో వాళ్లను పోల్చాడు. కొద్దిసేపు కొట్టుకుని ఆగిపోయిన కాళ్లను గూడా చూశాడు. అంత చూసిన కవిని చదివి, రాణి తెలివిని మాత్రమే యేరుకోవడం యేమి విమర్శ? 2005లో మార్గరెట్ ఆట్‌వుడ్ తన 'పెనెలోపియడ్'లో ఆ దాసీలకు గొంతు ఇచ్చింది. నవలా రచయిత్రికి కనిపించినవాళ్లు విమర్శకులకు కనిపించకపోవడం సిగ్గుచేటు.

స్త్రీలందరినీ రాణి పేరున లెక్కవేస్తే లెక్క తప్పుతుంది. హోమర్‌లో స్త్రీశక్తిని కొలవదలచినవారిని నేను కోరేది ఒక్కటే: ముంగిట కట్టిన ఆ తాడు దగ్గర మొదలుపెట్టండి. మేడమీది గదికి తర్వాత వెళదాం.