పేరు మారినా లయ మారలేదు

కళకు పెద్దలు పెట్టే పరీక్షలలో మొదటిది తరచుగా పేరే. ఏ వీథిలో పుట్టినది, ఎవరి చేతిలో పెరిగినది అని విచారించిన మీదట గాని చెవి యొగ్గరు. బ్రెజిల్ స్వరకర్త ఎర్నెస్టో నజరెత్ పియానో కృతి ‘ఓడియన్’ చరిత్ర ఇందుకు చక్కని నిదర్శనం.

నజరెత్ 1863లో రియో డి జనీరో నగరంలో పుట్టినాడు. అతని బాల్యంలోనే అక్కడ షోరో అనే వాద్య సంప్రదాయం తలయెత్తినది. ఆ మాటకు ఏడుపని అర్థం. కాని అందులో తుళ్లింతయే ఎక్కువ. యూరపు నుండి వచ్చిన పోల్కా వంటి నృత్యగతులను వేణువు, గిటారు, కవకీన్యో అనే నాలుగు తంత్రుల చిన్న వాద్యం పట్టిన స్థానికులు తమ చేతివాటానికి మలచుకొన్నారు. బానిసలుగా తేబడిన ఆఫ్రికనుల లయ అందులో కలిసినది. ఆ లయతోనే జనం ఆడిన మషీషి నృత్యాన్ని మర్యాదస్థులు అసభ్యమని వెలివేసినారు. బానిసత్వం 1888లో చట్టరీత్యా రద్దయినది. చెవులలోని అంటు మాత్రం అంత త్వరగా పోలేదు.

అందుచేత నజరెత్ రచనలు ‘బ్రెజిల్ టాంగో’ అనే పేరుతో పియానోలున్న ఇళ్లలో ప్రవేశించినవి. తన టాంగోలు మషీషీలు కావని అతడే వాదించేవాడని చెప్పుదురు. చెవి ఆ వాదాన్ని అంగీకరించదు.

1909 ప్రాంతంలో రచించిన ‘ఓడియన్’నే చూడండి. రాగం కుడిచేతిలో నడవవలెనన్న వాడుకను తలక్రిందులు చేసి, ఎడమచేయి మంద్రస్వరాలలో గిటారు వలె పాట పలుకుతుంది. కుడిచేయి దెబ్బకు దెబ్బకు నడుమ స్వరగుచ్ఛాలను విసురుతుంది. ఒక తాళపు దెబ్బను నాలుగు భాగాలు చేసి, ఒకటి, రెండు, ఒకటిగా పంచితే ఊనిక రెండవ భాగంపై పడుతుంది. బల్లపై తట్టి చూచినా ఇది బోధపడుతుంది. కర్ణాటక సంగీతంలో ఎడుపు ఎరిగినవారికి ఈ ఎడం వింత కాదు. అయితే ఎడుపు పల్లవి ఎత్తుకొనే చోటును తెలుపుతుంది, ఇక్కడ ఆ తొణకు అడుగడుగునా ఉన్నది.

ఓడియన్ ఒక సినిమాశాల పేరు. ఆట మొదలయ్యేదాకా ప్రేక్షకులు వేచి ఉండే సావడిలో నజరెత్ పియానో వాయించేవాడు. 1917-18లో రియోలో ఉన్న ఫ్రెంచి స్వరకర్త డారియస్ మిలో అతని వాదనకు ముగ్ధుడై, ఆ లయ పట్టుబడేదాకా సాధన చేసినాడు. 1920లో విల్లా-లోబోస్ తన మొదటి షోరోను నజరెత్‌కు అంకితమిచ్చినాడు. అయినా 1922లో రియోలోని జాతీయ సంగీత విద్యాలయంలో అతని కృతులు కచేరీకెక్కినప్పుడు, అభ్యంతరాలు చెలరేగి పోలీసుల జోక్యం అవసరమైనదట!

పేరు మార్చుకొనుట పిరికితనమనేవారు లేకపోలేదు. కాని అతడు ద్వారపాలకునికి పేరు మాత్రమే మార్చి చెప్పినాడు, లోనికి తెచ్చిన సొమ్ము మార్చలేదు. నిజమైన పిరికితనం లయను చదునుచేసి అందించుటలో ఉండేది. నజరెత్ 1934లో మరణించినాడు. 2024లో బ్రెజిల్ షోరోను జాతీయ సాంస్కృతిక వారసత్వంగా నమోదు చేసినది. సంగీతం మారలేదు, వినేవారు మారినారు.

ఉపాధ్యాయులకు ఇందులో ఒక హెచ్చరిక ఉన్నది. విద్యార్థి పాడే పాట ఉన్నతమా, నీచమా అని తీర్పు చెప్పబోయే ముందు, దాని తాళం ఒక్కసారి తామే వేసి చూచుట మేలు.