కిరాణా కొట్టు ఖాతా పుస్తకం

మక్కా నుండి వలస వచ్చిన హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి)కు మదీనాలో అన్సారీ సోదరుడు హజ్రత్ సఅద్ బిన్ రబీ (రజి) తన ఆస్తిలో సగం ఇవ్వజూపారు. ఆయన శుభం పలికి, దానిని స్వీకరించకుండా, బజారుకు దారి చూపమన్నారు. బనూ ఖైనుఖా బజారుకు వెళ్ళి నెయ్యి, ఎండబెట్టిన పెరుగుగడ్డల వ్యాపారం చేసి లాభంతో తిరిగివచ్చారు. తరువాతి కాలంలో ఆయన ఎంతటి సంపన్నులైనారో పాఠకులకు తెలిసినదే. ఆరంభం మాత్రం చిల్లర వ్యాపారమే. మదరసాలో క్రయవిక్రయాల అధ్యాయం మొదలుపెట్టేటప్పుడు మేము ఈ వృత్తాంతమే ముందుగా చెబుతాము. కొట్టు పెట్టుకున్నవాడంటే మనవారికి ఎందుకో చిన్నచూపు.

మన చోడవరం (నిన్నటి దాకా విశాఖపట్నం జిల్లా, 2022 ఏప్రిల్ నుండి అనకాపల్లి జిల్లా) వీధిలోని ఒక కొట్టుకు సబ్బుబిళ్ళ ఎలా వస్తున్నదో చూడండి. కర్మాగారం నుండి కంపెనీ గోదాముకు, అక్కడి నుండి ఆ ప్రాంతపు డిస్ట్రిబ్యూటరుకు, అతని వద్ద నుండి కొట్టుకు. సేల్స్‌మన్ వచ్చి ఆర్డరు రాసుకుంటాడు. ఒకటి రెండు రోజుల్లో ఆటోలో సరుకు దిగుతుంది. డిస్ట్రిబ్యూటరు సాధారణంగా కంపెనీకి ముందే సొమ్ము కట్టి, కొట్టువానికి కొద్ది రోజుల గడువు ఇస్తాడు. కొట్టువాడు మనకు జీతాలు వచ్చేదాకా గడువు ఇస్తాడు. సరుకు కిందికి దిగినకొద్దీ అరువు పొడవు పెరుగుతున్నది. లాభం అలా పెరగడం లేదు. పప్పు, నూనె, పంచదారలలో చిల్లర వర్తకునికి మిగిలేది నూటికి కొద్ది రూపాయలే. మూడు ఇళ్ళవారు బాకీ ఎగవేస్తే ఆ నెల అతని శ్రమ వృథా.

వర్తకులకు కూడా ఒక మాట చెప్పవలసి ఉన్నది. పొట్లం మీద ముద్రించిన గరిష్ఠ చిల్లర ధరలో పన్నులన్నీ కలిసే ఉంటాయి. అంతకు మించి తీసుకోవడం తూనికలు కొలతల చట్టం దృష్టిలో నేరం. ఫ్రిజ్ ఖర్చు అంటూ శీతలపానీయం మీద రెండు రూపాయలు అదనంగా పుచ్చుకొని, కొనేవాడు ఒప్పుకున్నాడు కదా అని కొందరు మమ్మల్ని వాదిస్తారు. దాహంతో వచ్చినవాని మౌనం అంగీకారం కాదు. రూపాయి చిల్లర లేదని అడగకుండా చాక్లెట్టు చేతిలో పెట్టడం కూడా ఇటువంటిదే.

కొట్టుకు సరుకు దిగే దారి ఇది. మన పొలాల నుండి సరుకు వెళ్ళే దారి వేరు. చెరకు బెల్లమై అనకాపల్లి చేరుతుంది. దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో అది ఒకటి. అక్కడ దిమ్మ రంగు చూసి ధర పలుకుతారు. పంట చేతికి రాకముందే కమీషను వ్యాపారి వద్ద అప్పు తెచ్చుకున్న రైతు, ఆ బెల్లాన్ని అతని ద్వారానే అమ్మవలసి వస్తుంది. మన ధర్మవేత్తల దృష్టిలో ఇది తేలిక విషయం కాదు. అప్పు ఇచ్చినవాడు ఆ అప్పు షరతుగా పొందే ప్రయోజనం వడ్డీ కోవలోకి వస్తుంది, అది రొక్కం రూపంలో లేకపోయినా సరే. సంతకు వచ్చే బిడారులకు ఊరి వెలుపలే ఎదురేగి, ధర తెలియని వారి సరుకు కొనడాన్ని దైవప్రవక్త (స) వారించారు. ఉద్దేశం ఒక్కటే: అమ్మేవాడు బజారు ధర తెలుసుకొని, స్వేచ్ఛగా అమ్మాలి. అప్పు మెడకు తగిలించుకున్న రైతుకు ధర తెలిసినా స్వేచ్ఛ లేదు.

ఇక రంగు సంగతి. తెల్లగా మెరిసే బెల్లానికి గిరాకీ ఉన్నదని కొందరు వంటకంలో హైడ్రోస్ అనే రసాయనం కలుపుతారు. ధాన్యపు కుప్పలో చేయి పెట్టి లోపలి తడిని బయటపెట్టిన ప్రవక్త (స) సంఘటనను ఇక్కడ ఉపన్యాసకులు తప్పక చెబుతారు, చెప్పవలసిందే. అయితే నల్లబెల్లాన్ని పక్కకు నెట్టి తెల్లదే కావాలని అడిగేది మన వంటిళ్ళే కదా! రంగు తగ్గిన బెల్లం అడిగి కొనడం గృహిణుల చేతిలో ఉన్న పని.

ఇప్పుడు పెద్ద సూపరు మార్కెట్లు, ఫోనులో ఆర్డరు పెట్టే యాప్‌లు వచ్చాయి. అవి లారీల లెక్కన నేరుగా కంపెనీ వద్ద కొని, మధ్యవారి వాటాను తగ్గించుకొని, కొంత చవకగా ఇవ్వగలుగుతున్నాయి. అక్కడ కొనడం నిషిద్ధమని మేము అనము, అనలేము కూడా. మదీనాలో ధరలు పెరిగినప్పుడు ధర నిర్ణయించమని కోరితే ప్రవక్త (స) నిరాకరించారు. వర్తకులు కూడబలుక్కొని ప్రజలను పీడిస్తే మాత్రం పాలకుడు న్యాయమైన ధర విధించవచ్చునని ఇమామ్ ఇబ్ను తైమియా వివరించారు. పోటీలో తగ్గిన ధర తప్పు కాదు.

మాకు అభ్యంతరం మరొకచోట ఉన్నది. జీతం రాగానే రొక్కం సూపరు మార్కెట్టుకు, నెలాఖరున అరువు వీధి కొట్టుకు. మొదటి తారీఖున అతని కొట్టు ముందు నుండే సంచులు మోసుకు వస్తాము, పాత బాకీ అలాగే ఉంటుంది. చెల్లించగలిగి ఉండీ వాయిదా వేయడాన్ని ప్రవక్త (స) దౌర్జన్యంగా పేర్కొన్నారు. నిజంగా ఇబ్బందిలో ఉన్నవానికి గడువు ఇవ్వమన్న ఖుర్ఆన్ ఆదేశం వర్తకునికి. దానిని మనం సాకుగా వాడుకోరాదు. ఖుర్ఆన్‌లోని అతి పొడవైన ఆయతు నమాజు గురించో ఉపవాసం గురించో కాదు, అప్పును రాసి పెట్టుకోవడం గురించి (బఖరా, 282). చిన్నదైనా పెద్దదైనా విసుగు చెందక రాయమన్న ఆదేశం అందులోనే ఉన్నది. కాబట్టి ఖాతా పుస్తకం రెండు చోట్లా ఉండాలి, కొట్టులో ఒకటి, ఇంట్లో ఒకటి.

అరువుకు ఎక్కువ ధర తీసుకోవచ్చునా అని తరచు అడుగుతారు. బేరం కుదిరేటప్పుడే ఒకే ధర, ఒకే గడువు తేల్చుకుంటే అధిక సంఖ్యాక ధర్మవేత్తల వద్ద అది సమ్మతమే. గడువు దాటిందని ఆ తరువాత కలిపే ప్రతి రూపాయి వడ్డీయే.

చివరగా జనాజా వేళ సంగతి. మృతుని మీద అప్పు ఉన్నదని తెలిసి ప్రవక్త (స) నమాజు చేయించక ఆగారు. హజ్రత్ అబూ ఖతాదా (రజి) ఆ బాధ్యత తీసుకున్న తరువాతే ముందుకు వచ్చారు. అందుకే మన మసీదులలో ఎవరికైనా బాకీ ఉంటే చెప్పమని ప్రకటిస్తారు. కానీ మన ఊళ్ళలో కొట్టు యజమాని తరచు ముస్లిమేతర సోదరుడు. ఆ వరుసలో అతడు నిలబడి ఉండడు, ప్రకటన అతనికి వినబడదు. దుఃఖంలో ఉన్న ఇంటికి వచ్చి అడగడానికి మొహమాటపడతాడు కూడా. వారసులలో ఒకరు మూడు నాలుగు రోజులలోగా ఆ కొట్టుకు వెళ్ళి, పుస్తకం తీయించి, లెక్క చూసుకోవాలి. ఆస్తి పంపకం ఆ తరువాతే.