రోగికి మేలెంత? బిల్లు చెప్పని లెక్క

న్యూఢిల్లీ: ఆసుపత్రి బిల్లు చికిత్సకు ఎంత ఖర్చయిందో చెబుతుంది, రోగికి మేలు జరిగిందో లేదో చెప్పదు. ఈ లోటును పూరించేందుకే అమెరికా వైద్య సంఘం తన బిల్లింగ్ సంకేతావళిలో రెండవ శ్రేణి సంకేతాలను చేర్చింది. నాలుగంకెల చివర ‘ఎఫ్’ అక్షరం ఉండే వీటికి చెల్లింపు లేదు. వైద్యం నాణ్యతను నమోదు చేయడమే వీటి ప్రయోజనం.

ఏటా జరిగే సవరణల అవసరం మధుమేహ సంకేతాలను చూస్తే బోధపడుతుంది. రెండు మూడు నెలల సగటు చక్కెరను తెలిపే హెచ్‌బీఏ1సీ పరీక్షలో 7 నుంచి 9 శాతం వచ్చినవారందరికీ లోగడ 3045ఎఫ్ ఒక్కటే సంకేతం. 7.1 వచ్చినవారినీ, 8.9 వచ్చినవారినీ ఒకే గాటన కట్టేవారు. 2020 సంకేతావళి నాటికి దానిని తొలగించి, 8 శాతం లోపువారికి 3051ఎఫ్, ఆపై 9 వరకు ఉన్నవారికి 3052ఎఫ్ కేటాయించారు. దీంతో అదుపు తప్పుతున్న రోగులు విడిగా లెక్కకు వచ్చారు.

అమెరికా బిల్లులకు సంకేతాలు వేసే పని హైదరాబాద్, చెన్నైలలో వేలాది పట్టభద్రులకు జీవనాధారం. కాగా మన దేశానికి ఇందులో ఉపాధిని మించిన పాఠం ఉంది. 2018లో ప్రారంభమైన ఆయుష్మాన్ భారత్ పథకంలో 2022 సవరణతో చికిత్సల సంఖ్య 1,949కి చేరింది. వాటి సంకేతాలు ప్రధానంగా ఆసుపత్రులకు చెల్లించే ధరలకు ఉద్దేశించినవి. శస్త్రచికిత్స జరిగిన రోగి కోలుకున్నాడా, తిరిగి ఆసుపత్రి పాలయ్యాడా అన్నది ధరను బట్టి తెలియదు.

సంకేతాలు పెరిగితే వైద్యులపై రాతకోతల భారం పెరుగుతుందన్న వాదన తోసిపుచ్చదగినది కాదు. అయినా ప్రజాధనంతో జరిగే వైద్యంలో ముఖ్యమైన కొన్ని చికిత్సలకైనా ఫలితాన్ని నమోదు చేయడం అవసరం.