పేరు రాయని పాట

గత ఏడాది ఎం.ఏ. చివరి సెమిస్టరు విద్యార్థి ఒకరు నా గదికి వచ్చి, అట్ట ఊడిపోయిన లాంగ్ నోటుబుక్కును బల్లమీద పెట్టి నిలబడ్డాడు. తెరిచి చూస్తే నలభై మూడు పాటలు. ప్రతి పాట పైనా తేదీ ఉంది, వరస ఏదో గుర్తు ఉంది. కొన్ని చరణాలను మూడు రంగుల సిరాతో మూడుసార్లు కొట్టివేసి తిరిగి రాశాడు. అన్నీ క్రీస్తును సంబోధించిన పాటలే. వాళ్ల పల్లెలోని చర్చిలో ఆదివారం ఆరాధనలో వాటిలో పది, పన్నెండు పాడుతున్నారట. పక్క ఊళ్లకూ రెండు మూడు చేరాయట. పుస్తకం మొదటి పుటలోగాని, చివరి పుటలోగాని రాసినవాని పేరు లేదు.

“పేరు రాసుకోలేదేం బాబూ?” అని అడిగాను.

“గ్రూప్-2 రాస్తున్నాను మేడమ్. రేపు ఎవరైనా ఈ పుస్తకం చూపించి నా సర్టిఫికెట్ మీద అర్జీ పెడితే?” అన్నాడు.

అతడు వచ్చింది నన్ను సలహా అడగడానికి కాదు, సీసపద్యం నేర్పమని అడగడానికి. సీసం సంగతి అలా ఉండగా, ఆ జవాబే కొన్ని నెలలుగా నన్ను వెంటాడుతున్నది. ఒక యువకుడు కవిగా ఎదుగుతున్న దశలో, తన రచనకు తాను సంతకం చేసుకోలేని స్థితి ఈ దేశంలో ఎలా ఏర్పడింది? దీనిని చట్టం వైపు నుంచి చాలామంది చర్చించారు. సాహిత్యం వైపు నుంచి చర్చించినవారు తక్కువ.

విశ్వాసం నుంచి పుట్టిన రచన కళ అవుతుందా, ప్రచారమవుతుందా అనే ప్రశ్న మన సాహిత్య శాఖల్లో తరచుగా వినిపిస్తుంది. అయితే ఆ ప్రశ్నను అందరికీ వేయరు. పోతన భాగవతం ముందు నిలబడి ఇది భక్తి ప్రచారం కదా అని అడిగిన అధ్యాపకుణ్ణి నేను చూడలేదు. త్యాగరాజు కృతిని సంగీతంగా వింటాం, రామభక్తి ఆ సంగీతానికి ప్రాణమని గౌరవంగా చెప్పుకుంటాం. మంచిదే. ఆ గౌరవం వారికి తగినదే. కానీ పీహెచ్.డీ. మౌఖిక పరీక్షలో, జాషువా ‘క్రీస్తు చరిత్ర’ మీద నేను రాసిన అధ్యాయం దగ్గర ఆగి, “ఇది కావ్యమా, మత బోధనా?” అని నన్ను అడిగారు. అడిగినవారు దురుద్దేశంతో అడగలేదు. అది సహజమైన ప్రశ్న అనుకున్నారు. వివక్ష ఎప్పుడూ అంత సహజంగానే మాట్లాడుతుంది.

అన్నమయ్య ముప్పైరెండు వేల సంకీర్తనలు రచించాడని ప్రతీతి. వాటిలో దొరికినవి వేల సంఖ్యలో మనదాకా వచ్చాయంటే, రాగిరేకుల మీద చెక్కించిన వంశం ఉంది, రేకులను దాచిన తిరుమల ఆలయం ఉంది, ఇరవయ్యో శతాబ్దంలో వాటిని పరిష్కరించి అచ్చువేసిన పండితులు ఉన్నారు. కవి ప్రతిభకు లోహం, భాండాగారం, పండిత పరిషత్తు తోడయ్యాయి. నా విద్యార్థికి ఉన్నది అట్ట ఊడిన నోటుబుక్కు. పల్లె చర్చిల్లో పాట కట్టిన తల్లుల్లో ఎక్కువమందికి అదీ లేదు.

తెలుగు క్రైస్తవ గీతానికి సంప్రదాయం లేదని అనుకునేవారు ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ ఒకసారి తిరగేయాలి. పాట పైన రాగం, తాళం అచ్చయి ఉంటాయి. పందొమ్మిదో శతాబ్దపు పురుషోత్తమ చౌదరి బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి క్రైస్తవం స్వీకరించిన వాగ్గేయకారుడు. కర్ణాటక బాణీలో ఆయన కట్టిన కీర్తనలు నేటికీ మాలపల్లెల్లో, మాదిగపల్లెల్లో కంఠస్థంగా పాడతారు. సంగీత కళాశాల మెట్లెక్కే అవకాశం లేని స్త్రీల గొంతుల్లో ఆ రాగాలు నూరేళ్లకు పైగా బతికాయి. మా అమ్మ వాటిని పాడేది. పేజీ మీద ఉన్న రాగం పేరు ఆమెకు తెలియదు గాని, ఎవరైనా అపస్వరం పాడితే వెంటనే తల తిప్పి చూసేది.

అదే చర్చిలో నా చిన్నప్పుడు డప్పు మోగేది కాదు. పెద్దలు రానిచ్చేవారు కారు. వారి నిర్ణయాన్ని తేలికగా తప్పుపట్టలేం. చావు కబురు మోయడానికి, ఊరి జాతరలో కూలి లేకుండా వాయించడానికి కట్టుబడిన చేయి, మతం మారిన నాడు ఆ వెట్టిని నేలకు కొట్టింది. డప్పును వదిలేయడం వారికి ఆత్మగౌరవ ప్రకటన. కానీ దానితోపాటు తరాల తాళజ్ఞానం కూడా గుమ్మం బయటే ఉండిపోయింది. ఇప్పుడు అక్కడ కీబోర్డు, ప్యాడ్స్ వచ్చాయి, సినిమా వరసలు వచ్చాయి. నా విద్యార్థి మాత్రం ఏడు పాటల పక్కన “డప్పు దరువు” అని రాసుకున్నాడు. తాత వదిలేసినదాన్ని మనవడు తెచ్చుకుంటున్నాడు, వెట్టిగా కాదు, తన ఎంపికగా. కళాకారుడు ఎదగడమంటే నా దృష్టిలో ఇటువంటిదే.

ఈ దారిలో ముందు నడిచినవాడు జాషువా. 1895లో వినుకొండలో పుట్టాడు. తండ్రి యాదవ, తల్లి మాదిగ. మూగచిత్రాలు ఆడే చోట తెర పక్కన నిలబడి కథ చెప్పి, సంభాషణలు పలికి పొట్టపోసుకున్నాడు. ఉపాధ్యాయుడయ్యాడు. సంస్కృతం నేర్చుకున్నందుకు సవర్ణులు ఈసడించారు. హిందూ ఇతివృత్తాలపై పద్యాలు రాసినందుకు క్రైస్తవులు వెలివేశారు. రెండు గుమ్మాలూ మూసుకున్న మనిషి 1941లో ‘గబ్బిలం’ రాశాడు. కాళిదాసు మేఘాన్ని పంపితే, తంజావూరు అరుంధతీసుతుడు గబ్బిలాన్ని పంపుతాడు, కాశీ విశ్వేశ్వరుడి చెవిలో తన మొర చెప్పమని. ఆలయంలోకి తనకు ప్రవేశం లేదు, గబ్బిలానికి ఉంది. ఈ ఒక్క ఊహలో ఎంత విశ్వాసం ఉందో, దేవుడిమీద ఎంత అభియోగం ఉందో విద్యార్థులు చాలాసార్లు గమనించరు. దేవుడు వింటాడన్న నమ్మకం లేకపోతే గబ్బిలాన్ని పంపనక్కరలేదు. దేవుడి గుడి న్యాయంగా ఉందన్న నమ్మకం ఉంటే గబ్బిలం అవసరమే రాదు.

‘క్రీస్తు చరిత్ర’ ఆ తర్వాత వచ్చింది. 1964లో దానికి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. ఈ తేదీ పక్కన మరొక తేదీ పెట్టి చూడాలి. 1950 నాటి రాజ్యాంగ (షెడ్యూల్డ్ కులాలు) ఉత్తర్వు మూడో పేరా, హిందూమతం కాక వేరే మతాన్ని అవలంబించే వ్యక్తి షెడ్యూల్డ్ కులానికి చెందినవాడు కాడని శాసించింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను అందులో చేర్చారు. క్రైస్తవులు, ముస్లింలు బయటే ఉండిపోయారు. ఒక చేత్తో క్రీస్తు కావ్యానికి శాలువా కప్పి, మరో చేత్తో క్రీస్తును నమ్మిన దళితుణ్ణి జాబితా నుంచి కొట్టివేసిన విచిత్రాన్ని మనం అరవై ఏళ్లుగా మోస్తున్నాం.

ఆ పేరా నా విద్యార్థి పాటల పుస్తకం దాకా ఎలా వచ్చిందో చూడండి. ఒక వ్యక్తి ఏ మతాన్ని అవలంబిస్తున్నాడనే వివాదం వస్తే, బాప్తిస్మం, చర్చికి వెళ్లే అలవాటు సాక్ష్యాలవుతాయి. 2024 నవంబరులో పుదుచ్చేరికి చెందిన ఒక యువతి కేసులో సుప్రీంకోర్టు వాటినే పరిశీలించి, ఆమెకు ఎస్సీ ధ్రువపత్రం నిరాకరించడాన్ని సమర్థించింది. అటువంటప్పుడు, తాను రాసి పేరు పెట్టుకున్న స్తుతిగీతాన్ని మించిన సాక్ష్యం ఏముంటుంది? పాట ఎంత బాగుంటే సాక్ష్యం అంత బలపడుతుంది. కవి ఎదిగేకొద్దీ ఉద్యోగార్థికి ప్రమాదం పెరుగుతుంది.

నా సంగతి కూడా చెప్పకపోతే ఇది అర్ధసత్యమవుతుంది. మా నాన్న ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడు. ప్రతి దరఖాస్తులోనూ క్రైస్తవుడనే రాశాడు. అందువల్ల నా ధ్రువపత్రంలో బీసీ-సి అని ఉంటుంది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మతం మారిన షెడ్యూల్డ్ కులాల వారికీ వారి సంతానానికీ ఉన్న వర్గం అది, ఒక్క శాతం రిజర్వేషను. నేను ధైర్యంగా సంతకం చేయగలను. అయినా, కాలేజీ రోజుల్లో నేను రాసిన క్రిస్మస్ పాటల ప్రస్తావన నా బయోడేటాలో ఎక్కడా చేయలేదు. నన్ను ఏ చట్టమూ ఆపలేదు. చదువుకున్నవాళ్ల మధ్య చులకనవుతానన్న భయం ఆపింది. ఆ కుర్రవాడిది పొట్టకోసం మౌనం, నాది మర్యాదకోసం మౌనం. రెండోదే ఎక్కువ సిగ్గుపడవలసినదని ఇప్పుడు అనిపిస్తున్నది.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. నమ్మకం అంత నిజమైతే బీసీ-సికి మారమనండి, నిజాయితీగా పాడుకోమనండి అని. మా ఊళ్లో ఆ మార్పును గమనించినవాడు ఒక్కడూ లేడు. హోటల్లో మా నాన్నకు ఇచ్చిన గ్లాసు, పక్కింటి హిందూ మాదిగకు ఇచ్చిన గ్లాసు ఒకే మేకుకు వేలాడేవి. కులం బాప్తిస్మ రిజిస్టరు చదవదు. ఉత్తర్వు మాత్రం చదువుతుంది. ఎస్సీ హోదా క్రైస్తవ దళితులకు విస్తరించాలని ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2023 మార్చిలో తీర్మానం చేసింది. కేంద్రం 2022లోనే జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ నాయకత్వాన కమిషన్ వేసింది. ఆ వాదాలు చట్టసభల్లో జరగవలసినవి. పాట దగ్గర నా వాదం ఇంకా చిన్నది: తన పేరు పెట్టుకోలేని కవికి విమర్శ అందదు. విమర్శ అందని కవి ఎదగడు. వాగ్గేయకారుల ముద్ర అలంకారం కోసం పెట్టింది కాదు, ఈ మాటకు నేను జవాబుదారినని చెప్పడం అది.

విమర్శ లేకపోవడంలో చర్చి పాత్ర తక్కువేమీ కాదు. నోటుబుక్కులో ముప్పై ఒకటో పాట వాళ్ల నాయనమ్మ భూస్థాపన గురించినది. సమాధుల తోటకు దారి లేదు. మధ్యలో ఒక ఆసామి మాగాణి. వర్షాకాలంలో పెట్టెను భుజాలమీద పెట్టుకుని, మోకాటి లోతు నీళ్లలో, గట్టు తెగుతుందని తిట్లు తింటూ మోసుకుపోయారు. నీళ్లమీద నడిచిన ప్రభువా, మా నాయనమ్మను కూడా అలాగే నడిపించావే అన్న అర్థం వచ్చేలా పల్లవి కట్టాడు. ఎత్తిపొడుపూ, వేడికోలూ ఒక్క వాక్యంలో కలిసిపోయాయి. పాస్టరుగారు దీన్ని పాడనివ్వలేదు. ఇది స్తుతి కాదు, సణుగుడు అన్నారట. బైబిలులోని 150 కీర్తనల్లో మొరలు, ఫిర్యాదులు ఎన్నో ఆయనకు తెలియక కాదు. యోబు దేవుడితో ఎంత వాదించాడో ఆయన ఎన్నోసార్లు ప్రసంగించి ఉంటారు. ఆ మాగాణి ఆసామి చర్చి ప్రహరీ గోడకు ఇటుకలిచ్చాడు. మాలలకు ఒక చర్చి, మాదిగలకు ఒక చర్చి అని చీలి ఉన్న ఊళ్లలో ఈ పాట ఇంకా ఇబ్బంది పెడుతుంది.

క్రైస్తవులకే పరిమితమైన కథ కాదు ఇది. తెలంగాణలో చిందు కళాకారులు ఆడే జాంబపురాణం విశ్వాసంతో నిండిన ప్రదర్శన. అందులో జాంబవంతుడు బ్రాహ్మణుడితో ఎవరు ముందు పుట్టారో తేల్చుకుందామని వాదిస్తాడు. సృష్టి కథను మాదిగ వైపు నుంచి చెప్పే మహా నాటకం అది. చిందుల ఎల్లమ్మ జీవితమంతా ఆ వేషాలు కట్టింది. ఆమె ఎల్లమ్మ వేషంలో రంగం మీదికి వస్తే మొక్కిన ఊరే, వేషం తీశాక ఆమెను వాడలోకి పంపింది. పాఠ్యపుస్తకాల్లో ఆ కళకు మనం ఇచ్చిన స్థానం “జానపదం”, “ఆశ్రిత కులాల వృత్తి”. వృత్తి అన్న మాటలో కళాకారుడి సొంత కల్పనకు చోటుండదు. ఆమె ఒక వేషాన్ని ఏళ్ల తరబడి ఎలా మెరుగుపరుచుకుందో అడగాలన్న ఆలోచన కూడా ఆ మాట రానివ్వదు.

మా దళిత సాహిత్య విమర్శకూ ఇందులో వాటా ఉంది. తొంభైల నుంచి మేం కవితను, ఆత్మకథను, పోరాట పాటను లోతుగా చదివాం. ఆదివారం పాటను చదవలేదు. అది లొంగుబాటు అనుకున్నాం. ముప్పై ఒకటో పాట చదివాక ఆ అంచనాతో నేను ఏకీభవించలేను. తెలుగు శాఖలు ఈ కీర్తనలను, జాంబపురాణాన్ని ప్రధాన పాఠ్యాంశాలుగా, ఛందస్సూ శిల్పమూ సహా బోధించాలి. జానపదం పేపర్లో ఒక యూనిట్‌గా సరిపెడితే చాలదు.

సీసపద్యం నేర్పడం మొదలుపెట్టాను. గణాలు త్వరగానే పట్టుకున్నాడు, యతి దగ్గర తడబడుతున్నాడు. తరగతిలో ఆ పాట పాడమని అడిగాను. తలుపు వేసి నాకొక్కదానికే పాడాడు. రెండో చరణంలో ఒక విశేషణం ఎక్కువైందన్నాను. వారం తర్వాత తీసేసి తెచ్చాడు, పాట నిజంగానే బిగిసింది. నోటుబుక్కు ఇప్పుడు నా బల్ల సొరుగులో ఉంది. ఇంట్లో ఉంచడం కన్నా ఇక్కడే నయమన్నాడు. ఈ వ్యాసం రాస్తున్నానని చెబితే, ఊరి పేరు వద్దు మేడమ్, జిల్లా పేరు కూడా వద్దు అన్నాడు. రాయలేదు.