చూపు నిలిచిన చోట



ఆపరేషనుకు ముందు డాక్టరుగారు మోచేతుల వరకు కడుగుకొని, శుద్ధిచేసిన చేతితొడుగులు వేసుకుంటారు. ఆ తరువాత శుద్ధిచేయని వస్తువు దేనినీ ఆ చేతులతో ముట్టరు. ముట్టితే తొడుగులు మార్చవలసిందే. క్రిములు రోగి గాయములోనికి పోవును గదా!

2020 జూన్ 8న అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ వైద్యులు, కన్నుల ముందు ధరించే ఒక పరికరముతో వెన్నెముక ఆపరేషను చేసి ఆరు స్క్రూలు అమర్చారు. స్కానింగులో తీసిన ఎముకల చిత్రము రోగి శరీరము మీదనే ఉన్నట్లు ఆ పరికరములో కనబడుతుంది. తల ప్రక్కకు త్రిప్పి వేరే తెరను చూడనక్కరలేదు.

మరి ఇటువంటి పరికరములో చిత్రమును మార్చాలంటే ఎలా? మీట నొక్కితే చేతి శుద్ధి పోతుంది. అందుకే ముట్టకుండ నడిపే పద్ధతులు వచ్చాయి. 2019లో వచ్చిన హోలోలెన్స్ 2 అనే పరికరము మాట వింటుంది, చేతి సైగను గుర్తిస్తుంది, కన్ను ఎటు చూస్తున్నదో కనిపెడుతుంది.

అయితే చూపుతో నడపడములో ఒక చిక్కు ఉన్నది. డాక్టరుగారు ఊరకే చూచారా, కావాలని చూచారా? యంత్రమునకు తెలియదు. చూచిన ప్రతిదీ ఆజ్ఞ అయితే కావలసిన చిత్రము పోయి మరొకటి ఎదుట నిలుస్తుంది. కాబట్టి చూపు కొంతసేపు ఒకేచోట నిలిస్తేనో, నోటిమాట తోడైతేనో ఆజ్ఞగా తీసుకొనేటట్లు ఏర్పాటు చేస్తారు.

ప్రియులారా, ఇక్కడ మనకొక పాఠమున్నది. దోపుడు సొమ్ము మీద ఆకాను చూపు నిలిచింది. చెయ్యి చాచాడు (యెహోషువ 7:21). మిద్దెమీద దావీదు చూపు త్రిప్పుకొనలేదు. మనుష్యులను పంపాడు (2 సమూయేలు 11:2-4). కంటబడుట పాపము కాదు. నిలిచిన చూపే ఆజ్ఞ అవుతుంది, చేతులు దానికి లోబడతాయి.

ఇది మీకే చెప్పుట లేదు. ఒక సహోదరి తన భర్త ఆపరేషను గురించి కన్నీటితో చెప్పుచుండగా నా సెల్‌ఫోను వెలిగింది. ఒక్కసారి చూద్దామనుకున్నాను. తల ఎత్తేసరికి ఆమె మాట ఆపివేసింది. తరువాత చేసిన ప్రార్థన నాకే బరువైంది. మరుసటి ఆదివారము ఆమెను క్షమించమని అడిగాను.

ఈ నెల కుటుంబ ప్రార్థనలో 123వ కీర్తన చదవండి. యజమానుని చేతి సైగకోసము కనిపెట్టుకొనియున్న దాసుని చూపు అందులో ఉన్నది. ప్రార్థన వేళ సెల్‌ఫోనులు ప్రక్కగదిలో పెట్టండి. మన చూపు ఎక్కడ నిలుచుచున్నదో మన పిల్లలు గమనిస్తూనే ఉన్నారు.

దేవుడు మీ కుటుంబములను దీవించును గాక. ఆమేన్.