స్పెషల్ బీఈడీ: పైసలు కట్టే ముందు లెక్క చూస్కో

పోయిన ఆదివారం మా అక్క బిడ్డ ఫోన్ తెచ్చి నా ముంగట పెట్టింది. వాట్సాప్‌ల ఒక పోస్టరు. స్పెషల్ బీఈడీ చెయ్యి, సర్కారు కొలువు గ్యారంటీ, క్లాసులకు వచ్చే పనే లేదు అని రాసి ఉన్నది. కింద ఒక ఫోన్ నంబరు. "మామా, చేరాల్నా వద్దా? నాయినను పైసలు అడగాలంటే ముందుగాల నువ్వు చెప్పాలె" అన్నది.

పోరి ఊకనే అడుగలే. దాని తమ్మునికి పుట్టుకతోని చెవులు వినపడయి. ఐదో తరగతి దాకా బడికి పోయిండు, ఆఖరు బెంచీల కూసున్నడు. ఏడాదికోసారి పై క్లాసుకు పంపిండ్రు గని చదువు మాత్రం ఎవ్వరు చెప్పలే. మండలంల భవిత సెంటర్‌కు పోయినంకనే వాని పేరు వాడు రాసుడు నేర్చిండు. అక్కడి మేడంను చూసి, "నేను గూడ గా మేడం లెక్క అయిత" అన్నది మా పిల్ల. ఇంతకంటె మంచి కారణం ఏం కావాలె? కని మంచి కారణంతోని మొదలైన చదువుకు సుత లెక్క కావాలె. లెక్క లేకుండ చేరితె పిల్ల మనసు పాయె, తండ్రి పైసలు పాయె.

నేను కాలేజీ గడప తొక్కినోన్ని కాదు. సంఘం పనుల తిరుగుకుంట, జీవోలు చదువుకుంట నేర్చుకున్నదే నా చదువు. ఆ చదువుతోనే లెక్క ఏసిన. మీ ఇంట్ల గిసొంటి ముచ్చట నడుస్తుంటె మీకు గూడ అక్కరకొస్తది.

ముందుగాల పోస్టరు సంగతి. స్పెషల్ టీచర్ చదువుకు లైసెన్సు ఇచ్చేది రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా. అందరు ఆర్‌సీఐ అంటరు. 1992ల చేసిన చట్టం మీద నడుస్తది. ఆ కౌన్సిల్ ఒప్పుకున్న కాలేజీల చదివి, రిజిస్ట్రేషన్ నంబరు తీసుకున్నోళ్లే ఈ పని చెయ్యాలె. నంబరు లేకుండ చేస్తె ఏడాది దాక జైలు, జుర్మానా అని ఆ చట్టంల 13వ సెక్షన్ చెప్తది. పిల్లల ముంగట నిలబడి ప్రాక్టీసు చేసుడే ఈ చదువుల అసలు పని. క్లాసులకు రావొద్దు అనేటోడు నీకు చదువు అమ్ముతలేడు, కాగితం అమ్ముతున్నడు. ఆ కాగితం సర్టిఫికెట్ వెరిఫికేషన్ రోజు నీ కొంపనే ముంచుతది. ఇగ గ్యారంటీ అంటవా, సర్కారు కొలువుకు సర్కారే గ్యారంటీ ఇస్తలేదు, నడుమ వీడెవ్వడు?

ఇప్పుడు ఖర్చు. మేము అడిగిన ఒక కాలేజీ రెండేండ్లకు 80 వేల ఫీజు చెప్పింది. హాస్టల్, తిండి నెలకు 5,500 లెక్కన 20 నెలలకు 1 లక్షా 10 వేలు. పుస్తకాలు, పిల్లలకు చూపెట్టే చార్టులు, బొమ్మలు, బస్సు కిరాయి అన్ని కలిపి 30 వేలు. మొత్తం 2 లక్షల 20 వేలు. ఇదంత చేతిల నుంచి పోయేది. చేతికి రాకుండ పోయేది ఇంకోటి ఉన్నది, దాన్ని ఎవ్వరు లెక్కవెట్టరు. మా పిల్ల డిగ్రీ అయిపోయి ఇప్పుడు బట్టల దుకాణంల నెలకు 9 వేలకు చేస్తున్నది. రెండేండ్లు చదువుకు పోతె ఆ జీతం 2 లక్షల 16 వేలు రాదు. రెండు కలిపితె 4 లక్షల 36 వేలు. స్పెషల్ బీఈడీకి మా ఇంటి అసలు ధర ఇది.

చదివినంక ఏమొస్తది? నాలుగు తొవ్వలు కనవడుతున్నయి.

మొదటిది, దగ్గరి టౌన్‌ల ప్రైవేటు బడి. నేను అడిగిన కాడ 13 వేలు ఇస్తమన్నరు. దుకాణం జీతం కంటె 4 వేలు ఎక్కువ. పెట్టిన పైసలు తిరిగి రావాలంటే తొమ్మిదేండ్లు. రెండోది, హైదరాబాద్‌ల థెరపీ సెంటర్. తెలిసిన పిల్లకు 20 వేలు ఇస్తున్నరు. అండ్ల రూం కిరాయి, తిండికి 9 వేలు పోతె మిగిలేది 11 వేలు. ఇంట్ల ఉండి దుకాణంల చేసిన దానికంటె 2 వేలు ఎక్కువ. ఈ లెక్కన పద్దెనిమిదేండ్లు. జీతాలు పెరుగుతయి, నిజమే. దుకాణంల గూడ ఎంతో కొంత పెరుగుతది.

మూడోది, సమగ్ర శిక్ష కింద కాంట్రాక్టు. మండలంల తిరిగి వైకల్యం ఉన్న పిల్లలకు చదువు చెప్పే ఐఈఆర్పీలు వీళ్లే. జీతం 20 వేల చుట్టూత. ఇంటికాడ ఉండి చేస్తె మూడేండ్ల మీద కొన్ని నెలలల్ల పైసలు తేలుతయి. కని ఏండ్లకేండ్లు చేసినా పర్మినెంటు లేదు. రెగ్యులర్ చెయ్యాలని 2024 డిసెంబర్‌ల సమగ్ర శిక్ష ఉద్యోగులు రోడ్డెక్కి టెంట్ల కింద కూసున్న సంగతి మనం చూసినం. నాలుగోది సర్కారు టీచర్. 2020 పీఆర్సీ లెక్కన స్కూల్ అసిస్టెంట్ మూలవేతనం 42,300 నుంచి మొదలు. డీఏ, ఇంటి అద్దె భత్యం వేరే. మూలవేతనమే పట్టినా 13 నెలలల్ల మొత్తం తేలుతది.

చదువు అదే, పిల్లలు అదే, పని అదే. ఒక తొవ్వల ఏడాది, ఇంకో తొవ్వల పద్దెనిమిదేండ్లు. అంటె ఈ డిగ్రీ విలువ డిగ్రీల లేదు, సర్కారు ఎన్ని పోస్టులు తీస్తదన్న దాంట్ల ఉన్నది.

అప్పు సంగతి గూడ చెప్పాలె. మా బావ ఆటో నడుపుతడు. 2 లక్షల 20 వేలు ఇంట్ల లేవు. ఊర్ల 2 రూపాయల మిత్తికి తెస్తె నెలకు మిత్తే 4,400 అయితది. ప్రైవేటు బడిల ఎక్కువొచ్చేది 4 వేలు. మిత్తి కట్టనీకే 400 తక్కువ, అసలు కాడికి పోనే పోము. అందుకే గట్టిగ చెప్తున్న, మిత్తికి తెచ్చి ఈ కోర్సుల చేరొద్దు.

మరి పోస్టులు ఎన్ని? తెలంగాణల 2024 డీఎస్సీ 11,062 పోస్టులతోని వచ్చింది. అండ్ల స్పెషల్ ఎడ్యుకేషన్‌వి స్కూల్ అసిస్టెంట్ 220, ఎస్జీటీ 796. కలిపితె 1,016. రాష్ట్రంల సర్కారు బళ్లు ఇరవై వేలకు పైననే. ఇరవై బళ్లకు ఒక్క టీచర్ గూడ సరిగ్గ రాడు. ఇంకో సంగతి చూడుండ్రి. ఎస్జీటీ పోస్టులు మూడింతల కంటె ఎక్కువున్నయి. ఇంటర్ అయినంక స్పెషల్ ఎడ్యుకేషన్ డిప్లొమా చేసినోళ్లకు తొవ్వ ఆ దిక్కు ఉన్నది. ఇంటర్ అయిపోయిన తమ్ముండ్లు, చెల్లెండ్లు డిగ్రీ, బీఈడీ అని ఐదేండ్లు పెట్టే ముందు ఆ రెండేండ్ల డిప్లొమా దిక్కు ఒకసారి చూడుండ్రి. డీఎస్సీ ఏడాదికోసారి వచ్చేది గూడ కాదు. 2017 తర్వాత 2023ల ఒక నోటిఫికేషన్ ఇచ్చి రద్దు చేసిండ్రు. పరీక్ష దాకా పోయింది 2024లనే. ఏడేండ్లు! అంటె అప్పు తెచ్చుకున్నోడు ఏడేండ్లు మిత్తి కట్టాలె.

కోర్టు ఏమన్నదో గూడ ఎరుకుండాలె. ఉత్తరప్రదేశ్ స్పెషల్ టీచర్లు ఏసిన కేసుల 2021 అక్టోబర్ 28న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ప్రైమరీల 10 మంది వైకల్యం ఉన్న పిల్లలకు ఒక స్పెషల్ టీచర్, ఆ పై తరగతులల్ల 15 మందికి ఒకరు ఉండాలన్నది. మూడేండ్లు దాటినా రాష్ట్రాలు కదులకపోతె 2025 మార్చి 7న మళ్ల గట్టిగ చెప్పింది. ఎన్ని పోస్టులు కావాల్నో తేల్చి నోటిఫై చెయ్యుమన్నది, ఏండ్ల నుంచి కాంట్రాక్టు మీద ఉన్నోళ్ల అర్హతలు కమిటీ పెట్టి చూడుమన్నది. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. 40 శాతం, అంతకు పైన వైకల్యం ఉన్న పిల్లలకు 18 ఏండ్ల దాకా ఉచిత చదువు హక్కు అన్నది. చట్టమున్నది, తీర్పున్నది, పిల్లలున్నరు, చదువుకున్న టీచర్లున్నరు. లేనిది పోస్టు. పోస్టు తియ్యకపోతె సర్కారుకు పైసలు మిగులుతయి. ఆ ఖర్చును ఇటు ఆఖరు బెంచీల కూసున్న పిల్లగాడు, అటు 13 వేలకు చేసే టీచరమ్మ మోస్తున్నరు.

మా పిల్లకు నేను వద్దని చెప్పలే. గీ నాలుగు చూసుకొని చెయ్యిమన్న. ఒకటి, కాలేజీ పేరు, కోర్సు పేరు ఈ ఏడాదికి ఆర్‌సీఐ వెబ్‌సైట్‌ల ఉన్నదా లేదా నీ కండ్లతోని నువ్వు చూడు. రెండు, ముందుగాల సర్కారు సంస్థల్ల సీటుకు ప్రయత్నం చెయ్యి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌ల కేంద్ర సర్కారు నడిపే ఎన్ఐఈపీఐడీ ఉన్నది. అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీ గూడ దూరవిద్యల స్పెషల్ బీఈడీ నడిపింది. ఈసారి అడ్మిషన్ ఉంటె కొలువు ఇడువకుండ చదువొచ్చు, ఆ 2 లక్షల 16 వేలల్ల శాన మిగులుతయి. మూడు, ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తదని కాలేజోళ్లు నోటితోని చెప్తె నమ్మకు, కాగితం మీద రాయించుకో. సర్కారు బకాయి పెడితె సర్టిఫికెట్లు ఆపుతరా అని గూడ అడుగు. నాలుగు, వినికిడి, చూపు, బుద్ధి మాంద్యం, ఆటిజం, ఏ విభాగం తీసుకోవాల్నో ముందే తేల్చుకో. మా పిల్లకైతె ఇంట్లనే జవాబు ఉన్నది.

చదువు కంటె ముందు ఇంకో పని జేసినం. డీఈఓ ఆఫీసుకు 10 రూపాయలతోని సమాచార హక్కు దరఖాస్తు రాసినం. మా మండలంల వైకల్యం ఉన్న పిల్లలు ఎందరు, కోర్టు లెక్కన ఎందరు స్పెషల్ టీచర్లు కావాలె, ఇప్పుడు ఎందరున్నరు? మూడే ప్రశ్నలు. మా పిల్లనే రాసింది. ఆ జవాబు వస్తె దాని కొలువు లెక్క తేలుతది, దాని తమ్మునిసొంటి పిల్లల లెక్క గూడ తేలుతది. మీ మండలంల గూడ రాయుండ్రి. వంద మండలాల నుంచి వంద దరఖాస్తులు పోతె, పోస్టులు ఎందుకు తీయలే అని అడగనీకె మన చేతిల కాగితం ఉంటది.